రెండు పొద్దుల సముద్రం: హైదరాబాద్ నుంచి చీరాల తీరంలోని చిన్న ఇంటికి వారాంతంలో ఎలా వెళ్లిరావాలి

హైదరాబాద్‌కు చెరువులున్నాయి గానీ సముద్రం లేదు. విచిత్రమేమిటంటే, దేశం మొత్తానికి అలల సూచనలు, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మాత్రం మన ప్రగతినగర్‌లోనే ఉంది. ఆ అలలను కళ్లారా చూడాలంటే 300 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. అందుకే చాలామంది గోవాకో, విశాఖకో నాలుగు రోజుల సెలవు దొరికే దాకా సముద్రాన్ని వాయిదా వేస్తూ ఉంటారు. అంత దూరం పోనక్కరలేదు, అంత సెలవూ అక్కరలేదు. శుక్రవారం రాత్రి బండెక్కి, బాపట్ల జిల్లా తీరంలో ఒక మామూలు అద్దె ఇంట్లో రెండు రోజులుండి, సోమవారం పొద్దున ఆఫీసు వేళకు తిరిగి రావచ్చు.

ముందే ఒక లెక్క వేసుకోండి. మనది తూర్పు తీరం, అంటే పొద్దుటి తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. తొమ్మిది దాటితే ఎండ చురుక్కుమంటుంది, పదకొండింటికి ఇసుక మీద చెప్పులు లేకుండా నడవలేరు. కాబట్టి వారాంతంలో మీ చేతికి నిజంగా దక్కే సముద్రం రెండు పొద్దులు, ఒక సాయంత్రం. ఇల్లు, టికెట్, భోజనం అన్నీ ఈ లెక్కకు సరిపోయేలా కుదుర్చుకోవాలి. దీన్ని పట్టించుకోకుండా వెళ్లేవాళ్లు శనివారం మధ్యాహ్నం రెండింటికి దిగి, ఆదివారం పదింటి దాకా నిద్రపోయి, సముద్రం కంటే టోల్ గేట్లనే ఎక్కువ చూసి వస్తారు.

మొదట నెల చూసుకోండి

సంక్రాంతి హడావుడి ముగిసినప్పటి నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. పొద్దున చలిగాలి, మధ్యాహ్నం ఓర్చుకోగల ఎండ. సరిగ్గా పండగ సెలవుల్లో మాత్రం వద్దు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లలో కూర్చోవడానికే ఒక రోజు పోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఆ నెలల్లో అసలు వెళ్లకూడదని కాదు. తుపాను వస్తే అడ్వాన్స్ తిరిగి ఇస్తారా అన్నది ముందే తేల్చుకోండి. బయలుదేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్‌తో పాటు ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరికను కూడా చూడండి. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో నడిసముద్రంలో లేచిన గాలికి ఈ ఒడ్డున అలలు పెరుగుతాయి. వాన సూచన ఒక్కటే చూసి ధీమాగా బయలుదేరితే చాలదు.

కార్తీక పౌర్ణమికి ఈ ఒడ్లన్నీ సముద్ర స్నానాలకు వచ్చే జనంతో కిటకిటలాడతాయి. ఆ సందడే కావాలనుకుంటే అంతకు మించిన రోజు లేదు, ఏకాంతం కావాలంటే ఆ వారం వదిలేయండి.

ఇక వేసవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. మరపడవలు ఒడ్డునే లంగరేసుకుని ఉంటాయి, చేపల మీద ఆశ పెట్టుకున్నవారికి నిరాశే. పైగా హైదరాబాద్‌లో కూలర్‌తో నెట్టుకొచ్చే ఎండాకాలం అక్కడ నెట్టుకురాలేం. గాలి నిండా తేమే కాబట్టి కూలర్ ఉక్కను పెంచుతుందే తప్ప తగ్గించదు.

ఏ ఒడ్డుకు?

మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. చీరాల దగ్గర వాడరేవు. దానికి దక్షిణంగా, వేటపాలెం వైపు రామాపురం.

సూర్యలంకలో ఇసుక వెడల్పుగా ఉంటుంది, పర్యాటక శాఖ హరిత రిసార్ట్ కూడా అక్కడే ఉంది. అయితే ఆదివారం పదింటికల్లా గుంటూరు, నరసరావుపేటల నుంచి జనం వ్యాన్లలో దిగిపోతారు. వాడరేవు మత్స్యకారుల ఊరు. లైట్‌హౌస్, పడవలు, వలలు, ఎండుచేపల వాసన అన్నీ కలిసే ఉంటాయి. ఆ వాసన పడనివాళ్లు ముందే ఆలోచించుకోవాలి. రామాపురంలో రిసార్టులు ఎక్కువ, వాటి వెనక సందుల్లో, సరుగుడు తోటల పక్కన చిన్న చిన్న ఇళ్లు అద్దెకు దొరుకుతాయి.

నన్నడిగితే చీరాల వైపే మొగ్గుతాను. స్టేషన్ మెయిన్ లైన్ మీద ఉంది, ఊళ్లో ఏదైనా దొరుకుతుంది, మధ్యాహ్నం ఎండ వేళ తిరగడానికి సముద్రం కాక వేరే పనులు కూడా ఉన్నాయి. మచిలీపట్నం దగ్గరి మంగినపూడి కూడా చెడ్డదేమీ కాదు, సికింద్రాబాద్ మీదుగా నేరుగా రాత్రి రైలుంది, చాలా దూరం దాకా లోతు తక్కువ. కానీ అక్కడి నల్లమట్టి ఒడ్డు చూసి, తెల్లని ఇసుకను ఊహించుకుని వచ్చిన పిల్లలు మొహం ముడుచుకుంటారు.

ఇల్లు కుదుర్చుకోవడం

వారాంతం బాగుండేదీ పాడయ్యేదీ ఇక్కడే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

"అలల పక్కనే", "గడప దాటితే సముద్రం" అని ప్రకటన కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించండి. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం పల్లె తీరాల్లో పోటు గీత (పోటు నీళ్లు చేరే హద్దు) నుంచి సాధారణంగా 200 మీటర్ల దాకా, జనసాంద్రత బాగా ఎక్కువున్న చోట్ల 50 మీటర్ల దాకా, కొత్త కట్టడాలకు అనుమతి ఉండదు. గడపలోనే సముద్రం అన్న ఇల్లు చాలా పాతదైనా అయి ఉండాలి, నిబంధన దాటి కట్టిందైనా అయి ఉండాలి, లేదా ఫొటో ఎక్కడిదో అయినా అయి ఉండాలి. మామూలు ఇల్లు అంటే ఒడ్డుకు పది నిమిషాల నడకలో, చెట్ల వెనక ఉండేది. రాత్రి అలల హోరు వినిపిస్తే చాలు, కిటికీలోంచి కనిపించాలని పట్టుబట్టకండి. కనిపించే ఇంటికి అద్దె ఎక్కువ, నీడ తక్కువ, ఉప్పుగాలి దెబ్బకు తలుపు గొళ్లేలు కూడా సరిగా పడవు.

యజమానికి ఫోను చేసినప్పుడు గదులెన్ని, ఏసీ ఉందా అని అందరూ అడుగుతారు. మీరు వీటిని కూడా అడగండి.

నీళ్లు ఎక్కడివి? ఈ తీరంలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. స్నానానికి పనికొస్తాయి గానీ సబ్బు నురగ రాదు, తల జిడ్డుగా మిగిలిపోతుంది. ఆ నీళ్లతో కందిపప్పు ఎంత ఉడికించినా మెత్తబడదు, టీ రుచి మారిపోతుంది. తాగడానికి, వండడానికి 20 లీటర్ల క్యాన్లు ముందే తెప్పించి పెట్టమని చెప్పండి. నలుగురికి రెండు రోజులకు రెండు క్యాన్లు సరిపోతాయనుకోకండి, మూడు చెప్పండి.

కరెంటు పోతే? ఇన్వర్టర్ ఉంటే ఫ్యాన్లన్నీ తిరుగుతాయా, ఒక్క గదిలోదేనా?

కిటికీలు ఎటు వైపు? పగలు నేల వేడెక్కాక గాలి సముద్రం మీది నుంచి ఒడ్డుకు వీస్తుంది, రాత్రికి దిశ తిరగబడుతుంది. తూర్పున ఒకటి, పడమర ఒకటి కిటికీ ఉన్న గదిలో గాలి అటూ ఇటూ ఆడుతుంది. ఒకే వైపు కిటికీ ఉన్న గదికి ఏసీ తప్పదు. కిటికీలకు దోమతెర ఉందో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి.

వంటింట్లో ఏముంది? "అన్నీ ఉన్నాయండీ" అన్న జవాబుకు అర్థం లేదు. సిలిండర్‌లో గ్యాస్ ఉందా, కుక్కర్ ఉందా, నలుగురికి కూర పట్టే గిన్నె ఉందా అని ఒక్కొక్కటీ అడగండి. మాంసాహారం వండనివ్వని యజమానులూ ఉన్నారు, అక్కడికి వెళ్లాక తెలిస్తే చేపల సంగతి అంతే. వాచ్‌మన్ కుటుంబం అక్కడే ఉంటుందా, వండి పెడతారా, పూటకు ఎంత ఇవ్వాలి అన్నది కూడా యజమానితోనే మాట్లాడుకోవడం మంచిది. వాళ్ల డబ్బు నేరుగా వాళ్ల చేతికే ఇస్తామని కూడా చెప్పండి.

డబ్బు విషయానికొస్తే, ఇల్లు వీడియో కాల్‌లో చూడకుండా అడ్వాన్స్ పంపకండి. గేటు దగ్గర మొదలుపెట్టి బాత్రూమ్ కుళాయి తిప్పి చూపించే దాకా ఫోను పెట్టేయకండి. అద్దె మొత్తం ముందే యూపీఐలో వేయమని ఒత్తిడి చేసేవారితో బేరమే వద్దు. సగమో, అంతకంటే తక్కువో ముందు, మిగతాది తాళం చేతికొచ్చాక. ఎంతమంది వస్తున్నారో నిజం చెప్పండి, ఆధార్ కాపీలు అడుగుతారు, దాచి లాభం లేదు. శని, ఆదివారాల అద్దె మామూలు రోజుల కంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఒక రోజు సెలవు పెట్టగలిగితే ఆది, సోమవారాలకు అడిగి చూడండి, బేరం మీ వైపు తిరుగుతుంది.

టికెట్లు: తిరుగు ప్రయాణం ముందు

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. మొదట కొనాల్సింది ఆదివారం రాత్రి తిరుగు టికెట్. వెళ్లడానికి బస్సైనా దొరుకుతుంది గానీ, ఆదివారం రాత్రి హైదరాబాద్ వచ్చే ప్రతి బండీ కిక్కిరిసే ఉంటుంది. తత్కాల్ మీద ఆధారపడాల్సి వస్తే, బండి బయలుదేరే ముందు రోజు ఏసీ తరగతులకు పొద్దున పదింటికి, మిగతా వాటికి పదకొండింటికి మొదలవుతుంది.

బండి పేరు కంటే చేరే వేళ ముఖ్యం. తిరుపతి, చెన్నై వైపు సాయంత్రం పూట బయలుదేరే బండ్లు అర్ధరాత్రి దాటగానే చీరాలలో దింపేస్తాయి. అప్పుడు ఆటో లేదు, ఇంటి తాళం ఇచ్చేవారు లేరు. సికింద్రాబాద్‌లో రాత్రి బాగా పొద్దుపోయాక బయలుదేరి గూడూరు వెళ్లే సింహపురి లాంటి బండి చూసుకోండి, తెల్లవారుజామున దిగుతారు. ఎంజీబీఎస్ నుంచి రాత్రి బస్సు అయితే కూడా ఇదే లెక్క. నాలుగున్నర, ఆరు మధ్య దిగేది ఏదైనా మంచిదే. స్టేషన్ నుంచి ఇంటి దాకా ఆటో ఛార్జీ ఎంత ఉంటుందో వాచ్‌మన్‌ను అడిగి పెట్టుకోండి, బేరానికి పనికొస్తుంది.

కారులోనే వెళ్తామంటే ఆరేడు గంటలు పడుతుంది. నగరం పడమర వైపు ఉండేవారు ఎల్బీనగర్ జోలికి పోకుండా ఔటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాలి. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల చేరవచ్చు. విజయవాడ, గుంటూరు, పొన్నూరు, బాపట్ల మీదుగానైతే రోడ్డు వెడల్పు ఎక్కువ, నగరాల రద్దీ కూడా ఎక్కువే. రోజంతా పనిచేసి శుక్రవారం రాత్రి స్టీరింగ్ పట్టుకోవడం మాత్రం నాకు నచ్చని పద్ధతి. రైలైతే నిద్రలోనే దూరం తరిగిపోతుంది, మొదటి పొద్దు చేజారదు.

సంచిలో ఏమేమి

టార్చి, దోమల మందు, రెండు పాత దుప్పట్లు, తాడు (తడి బట్టలు ఆరేయడానికి), పదునైన చాకు, ఒక బాణలి. పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి, చింతపండు చిన్న పొట్లాలుగా. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ప్లాస్టర్లు, రోజూ వేసుకునే మాత్రలు. మందుల దుకాణం ఊళ్లో ఉంటుంది, ఒడ్డు దగ్గర ఉండదు.

సముద్రంలో దిగడానికి వేరే బట్టలు పెట్టుకోండి. చీర, పొడవాటి దుపట్టా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. అల తగిలినప్పుడు లేచి నిలబడలేకపోవడానికి అదీ ఒక కారణం. నూలు ప్యాంటు కంటే నైలాన్ నిక్కరు, ట్రాక్ ప్యాంటు మేలు. బంగారం ఇంట్లో వదిలి రండి, ఉంగరం ఇసుకలో జారితే ఇక దొరకదు.

ఇల్లు చేరిన మొదటి అరగంట

సామాను ఒక మూల పడేసి నేరుగా సముద్రానికి పరుగెత్తాలనిపిస్తుంది. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే కాబట్టి, తెల్లవారుజామున దిగిన వారికి కాస్త వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో కుళాయిలన్నీ తిప్పి చూడండి, ఫ్యాన్లు వేసి చూడండి, పొయ్యి వెలిగించి చూడండి. ఉన్న పగుళ్లు, విరిగిన కుర్చీ, మరకలు ఫోనులో ఫొటో తీసి అప్పుడే యజమానికి పంపండి. వెళ్లేటప్పుడు వాదన ఉండదు. తాళం బిగుసుకుపోతుంటే రెండు చుక్కల కొబ్బరినూనె వేయండి, ఉప్పుగాలికి తుప్పు పట్టని తాళం ఆ తీరంలో దొరకదు.

గడప బయట ఒక బకెట్ నీళ్లు, చెంబు పెట్టండి. కాళ్లు కడగందే ఎవరూ లోపలికి రాకూడదన్న ఒక్క నియమం పెడితే చాలు, రెండు రోజులూ పక్క మీద ఇసుక లేకుండా పడుకోవచ్చు.

నీళ్లలో దిగే ముందు

ఈ తీరంలో ప్రతి ఏడాదీ ప్రాణాలు పోతున్నాయి. వారిలో ఈత వచ్చిన కుర్రాళ్లు కూడా ఉంటారు, చెరువుల్లో, ఈత కొలనుల్లో నేర్చుకున్నవారు. చెరువు నీళ్లు ఉన్నచోటే ఉంటాయి, సముద్రం లాగుతుంది.

ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలలను చూడండి. వరుసగా అలలు విరిగి తెల్లటి నురగ కక్కుతున్న చోట, మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, నిమ్మళంగా కనిపించవచ్చు. పిల్లలతో వచ్చినవారు "ఇక్కడ అలల్లేవు, ఇక్కడ దిగుదాం" అని సరిగ్గా ఆ చోటే ఎంచుకుంటారు. ప్రమాదమంతా అక్కడే. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్లన్నీ తిరిగి లోపలికి పారే దారి అది, దాన్నే రిప్ కరెంట్ అంటారు. నురగా చెత్తా లోపలికి కొట్టుకుపోతూ కనిపిస్తే ఇక అనుమానమే అక్కరలేదు. నిన్న బాగున్న చోట ఇవాళ ఆ పాయ ఏర్పడవచ్చు, ఇసుక తిన్నెలు మారుతూ ఉంటాయి కనుక.

మీ కళ్లను మీరు నమ్మకపోతే వల సర్దుకుంటున్న మత్స్యకారులెవరినైనా "ఇవాళ సముద్రం ఎలా ఉంది బాబాయ్?" అని అడగండి. "లాగుడుంది బాబూ, మోకాళ్ల దాకానే" అంటే మోకాళ్ల దాకానే. పోలీసులో, గజ ఈతగాళ్లో జెండాలు పాతి ఉంటే వాటి మాట దాటకండి. సూర్యలంక పక్కనే వాయుసేన స్థావరం ఉంది. ఆ వైపు వెళ్లవద్దన్న బోర్డు ఉంటే వెళ్లవద్దనే అర్థం.

ఒకవేళ లాగేస్తే? ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోయి మునిగేది అందుకే. వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యెత్తి పిలవండి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, ఆ పాయ అంత వెడల్పు ఉండదు, దాటగానే అలలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవారు వెంటనే దూకకుండా ఖాళీ క్యానో, ట్యూబో, తాడో విసరాలి, పడవల వాళ్లను కేకేయాలి, 112కు ఫోను చేయాలి.

పెద్దలు నడుము లోతు, పిల్లలు మోకాలి లోతు దాటకూడదు. పిల్లలు చేతికి అందే దూరంలో ఉండాలి, కంటికి కనిపించే దూరం చాలదు. ఒకరు ఎప్పుడూ ఇసుక మీదే ఉండి తలలు లెక్కపెట్టాలి, ఆ పని వంతుల వారీగా చేయండి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగకండి. మందు తాగాక, చీకటి పడ్డాక నీళ్ల దరికే పోవద్దు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడినప్పుడు పోటు ఎక్కువ. పొద్దున మీరు చెప్పులు వదిలిన చోటికి కొన్ని గంటల్లో నీళ్లు వచ్చేస్తాయి. జెల్లీఫిష్ తగిలి మండితే మంచినీళ్లతో రుద్దకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులు ఏదైనా అట్టముక్కతో తీసేసి, తర్వాత ఓర్చుకోగలిగిన వేడినీళ్లలో ఉంచండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్లకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కనిపిస్తే లైటు వేయకండి, చుట్టుముట్టకండి.

చేపలు కొనడం, వండడం

పొద్దున పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు అక్కడ ఉండాలి. పెద్ద చేపలకు ఇసుక మీదే పాట జరుగుతుంది, వ్యాపారులు వేగంగా పాడేస్తారు, మధ్యలో మీరు దూరి లాభం లేదు. అది అయ్యాక గంపలతో కూర్చునే ఆడవాళ్ల దగ్గర కొనండి. చిన్న చేపలు తూకానికి కాదు, పోగులు పెట్టి అమ్ముతారు. వంజరం, చందువ పేర్లు అందరికీ తెలిసినవే కనుక వాటికే ధర ఎక్కువ. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు చవక, పులుసుకు ఇవే రుచి. నగరంలో ఐసు మీద పడుకున్న వంజరం ఎలాగూ దొరుకుతుంది, పొద్దున్నే పట్టిన నెత్తళ్లు దొరకవు. నేనైతే డబ్బు వాటి మీదే పెడతాను.

మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, గుంట పడితే నిన్నటిదే. వేలితో నొక్కిన చోట గుంట వెంటనే పూడాలి. కొన్నాక అక్కడే కత్తిపీట పెట్టుకుని కూర్చున్నవారికి కొంత ఇస్తే పొలుసు తీసి కోసి పెడతారు. అదే పని ఇంట్లో పెట్టుకుంటే సింకు నిండా పొలుసులు, రెండు రోజులూ వాసన. అలాగే ఇంటికి తెచ్చాక ఉప్పు, పసుపు వేసి బాగా రుద్ది, క్యాన్ నీళ్లతో చివరిసారి కడగండి.

పులుసు పొద్దున్నే పెట్టేయండి. నూనెలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక కారం, ధనియాల పొడి, పసుపు, ఆ వెంటనే చింతపండు పులుసు. అది బాగా మరిగి నూనె పైకి తేలే దాకా చేపలు వేయకూడదు. వేశాక గరిటె ముట్టకూడదు, గిన్నెను గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి, లేకపోతే నెత్తళ్లు చిదురుపలవుతాయి. పది నిమిషాల్లో దించేసి మూత పెట్టి మరచిపోండి. మధ్యాహ్నానికి బాగుంటుంది, రాత్రికి ఇంకా బాగుంటుంది. ఫ్రిజ్ ఉంటే ఆదివారం పొద్దున చల్లన్నంలోకి కొంచెం దాచండి, దాచిన సంగతి పెద్దగా ప్రచారం చేయకండి.

శాకాహారులకు చీరాల టిఫిన్ సెంటర్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, పెరుగు ఉండనే ఉన్నాయి.

ఎండ వేళ

పదకొండు నుంచి నాలుగు దాకా వరండాలో పడుకోవడమే నా మొదటి సలహా. సరుగుడు చెట్ల గాలికి పట్టే నిద్ర కోసమే డబ్బు కట్టామనుకోండి. కాళ్లు ఊరుకోని వారికి వేటపాలెం దగ్గరే ఉంది. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు, గాంధీజీ చేతికర్ర భద్రంగా ఉన్నాయి. వెళ్లే ముందు తెరిచి ఉందో లేదో వాచ్‌మన్‌ను కనుక్కోమనండి. జీడిపప్పు కొనాలంటే కూడా ఆ ఊరే. బద్దలు, గుండ్లు వేర్వేరు ధరలు, పాయసానికి బద్దలు చాలు. చీరాలలో కుప్పడం చీరలు నేసే మగ్గాలు జాండ్రపేట, పేరాల వైపు వినిపిస్తాయి. 1921లో పురపాలక పన్నులు కట్టబోమని ఊరే ఖాళీ చేసి వెళ్లిన చీరాల పేరాల ఉద్యమం నడిచింది ఈ వీధుల్లోనే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో. చీర కొనే ఉద్దేశం లేకపోతే మగ్గం దగ్గరికి వెళ్లి ధరలు అడిగి నేతగాళ్ల సమయం పాడుచేయకండి.

ఒక్కటే చూడండి, రెండోదానికి ఆశపడితే సాయంత్రపు సముద్రం పోతుంది. నాలుగున్నరకు తిరిగి ఒడ్డున ఉండాలి. సూర్యుడు మీ వెనక తోటల్లో దిగిపోతాడు కాబట్టి ఆ వేళ ఒడ్డంతా నీడే, పిల్లలను ఇసుకలో వదిలేయడానికి అదే మంచి సమయం.

ఆదివారం

రెండో పొద్దు వాడుకున్నాక, పది దాటి జనం దిగే వేళకు మీరు ఇంటికి వచ్చేయండి. తడి బట్టలు మధ్యాహ్నంలోగా ఆరేయాలి, ఉప్పు పట్టిన బట్ట రాత్రికి ఆరదు. ఇల్లు ఎన్నింటికి ఖాళీ చేయాలో శనివారమే తేల్చుకుని, రాత్రి బండి ఉన్నవారు సాయంత్రం దాకా ఉండనివ్వమని అడగండి. వేరే వాళ్లు రావడం లేకపోతే కొద్దిపాటి అదనంతో ఒప్పుకునేవారే ఎక్కువ. కారులో వచ్చినవారు మాత్రం భోజనం చేసి ఒంటిగంటకే బయలుదేరాలి. చౌటుప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆదివారం రాత్రి కార్ల బారు ఎలా ఉంటుందో హైదరాబాద్ వారికి చెప్పనక్కరలేదు.

చేప వ్యర్థాలు, ప్లాస్టిక్, సీసాలు ఇసుకలో పూడ్చకండి, సంచిలో కట్టి ఊళ్లో చెత్తబుట్ట ఉన్న చోట వేయండి. గ్యాస్ ఆపి, మోటారు ఆపి, గదులన్నీ ఒకసారి వాచ్‌మన్‌తో కలిసి చూసి, ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చి, తాళం ఆయన చేతిలో పెట్టండి. డిపాజిట్ కట్టి ఉంటే యజమానికి అక్కడి నుంచే ఫోను చేసి తిరిగి వేయించుకోండి.

సోమవారం చేయాల్సినవి రెండే. చెప్పులు, బ్యాగుల జిప్పులు, కళ్లజోడు మంచినీళ్లతో కడగాలి, లేకపోతే జిప్పు నెలలోపే పట్టేస్తుంది. కారు తీసుకెళ్లి ఉంటే పైపైన తుడిచి ఊరుకోక, అడుగు భాగం కూడా నీళ్ల ఒత్తిడితో కడిగించండి. ఉప్పు తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే.